పదకొండు నెలల్ని ఎలా రాస్తావు? – ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు, ఒకసారి చదివి పక్కన పెట్టి, మళ్లీ చదివితే గానీ నాకు మాట రాదు.

చీరాల–పేరాల మీద నవల రాయాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. స్వాతంత్ర్య పోరాటం అనగానే మనవాళ్లకి అల్లూరి గుర్తొస్తాడు. అందులో తప్పేం లేదు. కానీ తుపాకీ ఉన్న కథలో రచయితకి ఒక సుఖం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు, ఆయుధాలు పట్టుకుపోయారు. ఇక అక్కడి నుంచి కథ దానంతటదే పరుగెడుతుంది, మనం వెనకాల కాగితం పట్టుకుని పోతే చాలు. చీరాలలో జరిగిందేమిటి? 1921లో, మా ఊరికి మున్సిపాలిటీ వద్దు, దాని పన్ను కట్టం అన్నారు. ఇళ్లకు తాళాలు వేసి ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. తర్వాత తిరిగొచ్చారు. మున్సిపాలిటీ మాత్రం పోలేదు. ఇదీ కథ. దీన్ని పట్టుకుని మూడొందల పేజీలు నడిపించాలంటే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది.

నీకూ పుట్టినట్టుంది. అందుకే మొదటి అధ్యాయంలోనే లాఠీచార్జి పెట్టావు. రెండో దాంట్లో గుర్రం మీద దొర కొరడా ఝళిపించాడు, అదీ మన సినిమాల్లో దొరలు మాట్లాడే ఆ వంకర తెలుగులో అరుస్తూ. మూడో దాంట్లో నీ హీరో చొక్కా చింపుకుని "కాల్చరా" అన్నాడు. అది ప్రకాశం గారిది. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ రోజున, మద్రాసులో జరిగింది. దాన్ని ఏడేళ్లు వెనక్కి లాక్కొచ్చి చీరాల వీధిలో పెట్టాల్సిన అవసరం నీకెందుకు వచ్చిందో ఆలోచించు. నీ కథలో బలం లేదని నువ్వే అనుకుంటున్నావు. ఎక్కడో ఒకచోట రక్తం కనిపిస్తే తప్ప పాఠకుడు కూర్చోడని భయపడుతున్నావు.

నేను చెప్పేది ఒకటే. శాంతియుత పోరాటంలో కథంతా ఖర్చు దగ్గర ఉంటుంది. "ఒప్పుకోం" అన్న మాటకి ఏ ఇంట్లో ఎవరు, ఏ రోజున, ఏం చెల్లించారు అన్నదే ఇందులో యాక్షన్. దాన్ని రాయడం చేతనైతే లాఠీలు అద్దెకు తెచ్చుకోనక్కర్లేదు.

ముందు లెక్కలతో మొదలుపెట్టు. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను. నీ అధ్యాయాల్లో "దుర్మార్గమైన పన్నులు", "జలగల్లా పీల్చే పన్నులు" అని చాలాసార్లు రాశావు, ఎంత పన్నో ఒక్కసారి కూడా రాయలేదు. 1919కి ముందు చీరాల, పేరాల, చుట్టుపక్కల పల్లెలు కలిపి ఒక యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉండేవి. ఆ యూనియన్ పన్నుల మీద ఏడాదికి వచ్చేది సుమారు 4,000 రూపాయలు. మున్సిపాలిటీ చేస్తే అది 40,000 అవుతుంది. జనాభా 15,000 దాకా. ఇప్పుడు నువ్వు పెన్ను తీసుకుని కూర్చో. మనిషికి నాలుగణాల పైచిలుకు కట్టేది కాస్తా రెండు రూపాయల పదణాలు దాటుతోంది. అయిదుగురున్న నేతింట్లో ఏడాదికి రూపాయిన్నర లోపు పోయేది, పదమూడు రూపాయలు పైన పోతుంది. అందరి మీదా సమానంగా పడదులే, ఇంటిని బట్టి, వృత్తిని బట్టి మారుతుంది. అయినా మగ్గం మీద కూర్చున్నవాడు మనసులో వేసుకునే లెక్క ఇలాంటిదే. ఆ లెక్క వేసే మనిషిని చూపించు. చదువు రానివాడైతే గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంటాడు, వేళ్ల కణుపుల మీద లెక్కపెడతాడు, రెండుసార్లు తప్పుతాడు, మూడోసారి భార్య సరిచేస్తుంది. అక్కడ పుట్టిన కోపం నువ్వు రాసిన జలగల కంటే ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది. మున్సిపాలిటీ అంటే వీధి దీపాలు, కాలవలు, శుభ్రం అని ప్రభుత్వం చెబుతుంది కదా, మరి జనం ఎందుకు వద్దన్నారు? ఈ ప్రశ్న నీ నవల్లో ఎవరో ఒకరు గట్టిగా అడగాలి, అదీ మూర్ఖుడి చేత కాదు, తెలివైనవాడి చేత అడిగించు. "దీపాలు మంచివే కదా బాబాయ్" అని ఒక కుర్రాడు అంటే ఆ బాబాయ్ దగ్గర తడుముకోకుండా జవాబు ఉండకూడదు. మమ్మల్ని అడగకుండా మా మీద పెట్టారు అన్న బాధ ఒకటి, కట్టే స్తోమత లేదు అన్న నిజం ఇంకొకటి. ఈ రెండూ ఒకటి కావు. ఒక్కో మనిషిలో ఒక్కో పాళ్లలో కలిసి ఉంటాయి. పాత్రల మధ్య తేడా నీకు అక్కడ దొరుకుతుంది.

ఇక ఆ కొరడా దొర సంగతి. తీసెయ్. అతని వల్ల నీ కథకి నష్టమే. మున్సిపాలిటీ తెచ్చింది మద్రాసు ప్రభుత్వం, 1919లో. జనం అర్జీలు పెట్టుకున్నారు, సభ్యులు రాజీనామాలు ఇచ్చారు, ఫలితం లేకపోయింది. 1920 చివరికి మద్రాసులో ద్వంద్వ పాలన వచ్చింది. స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వెళ్లింది. ఆ మంత్రి పానగల్ రాజా గారు, జస్టిస్ పార్టీ పెద్ద, తెలుగువాడు. తర్వాత 1921లో ఆయనే ముఖ్యమంత్రి కూడా అయ్యారు. అంటే చీరాల వాళ్లకి "కుదరదు" అని చెబుతున్న ప్రభుత్వానికి మనవాడి ముఖం ఉంది. వలస పాలన అంటే ఇదే కదా, ఫైలు మీద సంతకం మనవాడిది, ఖజానా తాళం వాళ్లది. పైగా బ్రాహ్మణేతరులకి ఉద్యోగాలు, చదువులు కావాలని కొట్లాడిన పార్టీ అది, దాని వాదనలో న్యాయం ఉంది. దాన్ని నమ్మిన వాళ్లు చీరాలలో కూడా ఉండి ఉంటారు. వాళ్లని బ్రిటిష్ తొత్తులు అని ఒక్క మాటలో తోసిపారేస్తే నీ నవల అక్కడే చచ్చిపోతుంది. కాంగ్రెస్ సభలో ముందు వరసలో ఎవరు కూర్చున్నారు, వెనక ఎవరు నిలబడ్డారు, అసలు లోపలికి ఎవరు రాలేదు అన్నది కూడా రాయాలి.

ఈ పోరాటాన్ని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి గురించి ఎక్కువ చెప్పను, ఆయన మీద నీకు ప్రేమ ఉంది, అది పేజీల్లో కనిపిస్తోంది. ఒక్కటే మాట. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివిన మనిషి, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి. చెయ్యి ఎటు తిప్పితే చూసేవాడి కన్ను ఎటు పోతుందో చదువుకున్నవాడు. అలాంటాయన వెయ్యిమంది కుర్రాళ్లతో రామదండు కట్టి, కాషాయం కట్టించి, రుద్రాక్షలు వేయించి వీధుల్లో నడిపించాడంటే, అది ఊరికే భక్తి అనుకోకు. రంగస్థలం తెలిసినవాడి పని అది. నీ నవల్లో ఆయన దేవుడిలా వచ్చి దేవుడిలా పోతున్నాడు. కొంచెం నటుడిగా, కొంచెం చమత్కారిగా, కొంచెం మొండివాడిగా రానివ్వు. ఆయన స్థాయి ఏమీ తగ్గదు. అన్నట్టు, ఆ కాషాయం, ఆ రాముడి పేరు చూసి ఊళ్లో ముస్లిం కుటుంబాల వాళ్లు ఏమనుకున్నారు? ఆ గుంపులో నడవమని మాల మాదిగ పేటల వాళ్లని ఎవరైనా పిలిచారా? జవాబు నీ చేతిలో ఉండక్కర్లేదు, కానీ ఆ ప్రశ్న అడిగే మనిషి ఒకడు నవల్లో తిరుగుతూ ఉండాలి.

గాంధీజీ వచ్చిన రోజు. 1921 ఏప్రిల్ 6. అంతకు ముందే, మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశం అయింది. చీరాల వాళ్లు ఆయన్ని సలహా అడిగారు. రెండు దారులు చెప్పాడు. ఊళ్లోనే ఉండి పన్ను కట్టకుండా, చేయి ఎత్తకుండా, వచ్చే శిక్షలు భరించడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. నువ్వు ఈ సభని పదకొండు పేజీలు రాశావు, జయజయధ్వానాలతో. నేనైతే జయజయధ్వానాలు మొత్తం కొట్టేస్తాను. మైకులు లేని కాలమమ్మా అది. ఆయన పలచటి గొంతు. ఆయన మాట్లాడే భాష జనానికి రాదు, ఎవరో తెలుగులో చెప్పాలి. ముందు పది వరసల వాళ్లకి వినిపించి ఉంటుంది. వెనకవాళ్లకి ముందువాళ్లు చెప్పారు. ఆ వెనకవాళ్లకి ఏం చేరింది? చిట్టచివర చెట్టు కింద నిలబడ్డ ఒక ముసలమ్మకి "ఊరు ఖాళీ చెయ్యమన్నాడంట" అన్న ముక్క ఒక్కటే చేరితే? రెండు దారుల్లో ఒకటే ఆమెకి తెలిస్తే? సభని ఆ ముసలమ్మ దగ్గర నిలబడి రాయి. అప్పుడది చరిత్ర పుస్తకాల్లో ఉన్న సభలా కాకుండా నీ సభ అవుతుంది.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం, ఊరి బయట పాకలు వేసుకున్న రామనగరానికి. నీ నాలుగో అధ్యాయం పథకంలో దీనికి ఒక్క పేరా ఇచ్చావు: "ప్రజలు ఊరు విడిచి రామనగరంలో కష్టాలు అనుభవించారు." అమ్మాయీ, నీ నవల మొత్తం ఈ వాక్యంలో ఇరుక్కుని ఉంది.

నేతగాడు ఇల్లు మారడం అంటే మూటాముల్లె నెత్తిన పెట్టుకుని పోవడం లాంటిది కాదు. గుంట మగ్గం నేలలో ఉంటుంది. కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. మగ్గం కర్రలు విప్పి తీసుకెళ్లొచ్చు, గుంటని మోసుకెళ్లలేరు. కొత్త పాకలో మళ్లీ తవ్వాలి. చీరాల సముద్రానికి దగ్గర, ఇసుక నేలలు. తవ్విన గుంట గోడ నిలుస్తుందా, జారుతుందా? వానాకాలంలో అడుగున నీరు ఊరుతుందా? మగ్గం మీద సగం నేసిన బట్ట ఉండగా తాళం వేయాల్సి వస్తే ఆ పడుగుని, మగ్గం మీద సాచిన ఆ నిలువు దారాల్ని, ఏం చేస్తారు? కోసేస్తారా, నేయడం పూర్తయ్యేదాకా ఆగుతారా? ఆగితే పక్కింటి వాళ్లు ఏమంటారు? ఒక్క చీర కోసం ఊరంతా వెళ్లాక నాలుగు రోజులు ఉండిపోయిన ఇల్లు ఒకటి రాశావనుకో, ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వీధంతా వినిపిస్తుంది, ఎందుకంటే మిగతా మగ్గాలేవీ మోగవు. నేనైతే ఒక అధ్యాయం దాని మీదే నడుపుతాను.

పడుగు సాచడానికి పొడవాటి వీధి కావాలి. పొద్దున్నే గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోపు ఆరబెట్టుకోవాలి. నేతపేటల్లో వీధులు అందుకు అలవాటు పడి ఉంటాయి, బండ్లు కూడా చూసుకుని పోతాయి. పాకల మధ్య అంత జాగా ఎవరిది? పొద్దున వంతులు ఎలా వేసుకున్నారు? పడుగు సాచిన చోటే పిల్లలు ఆడతారు, మేకలు తిరుగుతాయి. ఒక్క మేక ఒక పడుగుని తొక్కితే రెండు కుటుంబాల మధ్య మాటలు పోతాయి. ఆ తగవు తీర్చడానికి కోర్టుకి పోకూడదు, సహాయ నిరాకరణ కదా, తమలో తామే పంచాయితీ చేసుకోవాలి. స్వరాజ్యం అన్న పెద్దమాట ఆ మేక దగ్గర పరీక్షకి వస్తుంది. నీ నవలకి కావాల్సిన హాస్యం కూడా అక్కడే ఉంది. నువ్వు రాసినదాంట్లో ఇప్పటిదాకా ఒక్కరూ నవ్వలేదు. పదకొండు నెలలు నవ్వకుండా ఉండగలిగే జనం మన కోస్తాలో ఎక్కడా ఉండరు.

వాతావరణం రాయి. వెళ్లింది వేసవిలో. తాటాకు పాకలు, పక్కపక్కనే పొయ్యిలు, మధ్యాహ్నం గాలి. నిప్పు భయం ప్రతి ఆడమనిషికీ ఉంటుంది. తర్వాత వానలు. ఆ తర్వాత కార్తీకంలో తుఫాను రోజులు. నూలు చెమ్మగిల్లితే నేత సాగదు. నేత సాగకపోతే కూలి లేదు. అప్పటికే ఊళ్లో నిజమైన ఇల్లు ఒకటి తాళం వేసి ఉంది, గోడలున్న ఇల్లు, పెంకు కప్పున్న ఇల్లు, కూతవేటు దూరంలో. వాన పడే రాత్రి ఒక మగవాడు ఆ తాళం చెవి మొలతాడులో తడుముకుంటాడు చూడు, ఆ క్షణంలో అతను బలహీనుడు కాదు, పోరాడుతున్నాడు. పొద్దున్నే భార్యకి ఆ సంగతి చెప్పాడా లేదా అన్నది నువ్వు తేల్చుకో. కాన్పులు అక్కడే అయి ఉంటాయి, చావులు అక్కడే అయి ఉంటాయి. పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంటికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు పాకలో ఎక్కడ కూర్చుంటారు?

ఇంకో లెక్క చెబుతాను, ఇది చాలామంది రాయనిది. 15,000 మందిలో దాదాపు 13,000 మంది వెళ్లారంటారు. అద్భుతం, ప్రపంచంలో ఎక్కడా అంత సులువుగా కనిపించదు. మరి మిగిలిన రెండువేల చిల్లర? వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఎవరు వాళ్లు? ప్రభుత్వ ఉద్యోగులు కొందరు అయి ఉండొచ్చు, మంచం పట్టినవాళ్లు, వాళ్లని చూసుకునేవాళ్లు, అప్పులిచ్చి వసూలు కాక ఆగినవాళ్లు, ఈ పోరాటం తమది కాదనుకున్నవాళ్లు, భయపడ్డవాళ్లు. ఖాళీ ఊళ్లో వాళ్ల బతుకు ఎలా ఉంటుంది? చాకలి లేడు, మంగలి లేడు, కొట్లు మూసేశారు. పండగొస్తే ఎదురింటి గుమ్మానికి తోరణం ఉండదు. నీ కథానాయిక అన్నయ్యని అక్కడ ఉంచు. అతనికి మంచి కారణం ఒకటి ఇవ్వు. పాఠకుడు అతన్ని తిట్టుకోవాలా వద్దా అని తటపటాయించాలి. ద్రోహి అన్న మాట నీ నోట రాకుండా, మరో పాత్ర నోట వచ్చేలా చూడు. ఆ మాట అన్నవాడే మూడు నెలల తర్వాత రాత్రిపూట ఊళ్లోకి వచ్చి సొంతింటి గోడ చూసుకుని పోతాడనుకో, అప్పుడు నేను ఏమీ సలహా ఇవ్వక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతి. నీ కథానాయిక వడుకుతూ పాటలు పాడుతోంది, సరే. పన్ను కట్టం అన్నందుకు జైలుకు వెళ్లిన చీరాల వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921లో, ఉప్పు సత్యాగ్రహానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉండగా. దుర్గాబాయి లాంటివాళ్లు ఇంకా చిన్నపిల్లలు. జైలుకెళ్లిన ఆడదాని ఇల్లు ఎవరు చూశారు, తిరిగొచ్చాక వంటింట్లోకి మామూలుగానే వెళ్లనిచ్చారా, ప్రాయశ్చిత్తం అన్నారా? నువ్వు ఆడపిల్లవి, ఇది నాకంటే బాగా రాస్తావు.

అహింస గురించి నాకొక పట్టింపు ఉంది, విసుక్కోకుండా విను. మనవాళ్లు రాసేటప్పుడు అహింసని పుట్టుకతో వచ్చిన మంచితనంలా రాస్తారు, ఊరివాళ్లంతా సాధుజనం అన్నట్టు. ఆ జనమే సంక్రాంతికి కోడి కత్తులు కట్టినవాళ్లు, గట్టు తగాదాలకి తలలు పగలగొట్టుకున్నవాళ్లు. చేయి ఎత్తకుండా ఉండటం వాళ్లకి నేర్పాల్సి వచ్చింది, రోజూ కాపలా కాయాల్సి వచ్చింది. 1930 మే 21న ధరాసనలో వరసలు వరసలుగా ఉప్పు కొటారుల వైపు నడిచారు, లాఠీలు పడ్డాయి, ఒక్కరూ చేయి అడ్డం పెట్టుకోలేదని అక్కడున్న అమెరికా విలేఖరి వెబ్ మిల్లర్ రాశాడు. 320 మంది గాయపడ్డారని, ఇద్దరు చనిపోయారని ఆయన లెక్క. తల మీదకి కర్ర వస్తుంటే చేయి దానంతటదే లేస్తుంది, ఎవరికైనా. లేవకుండా ఆపుకోవడం శరీరానికి నేర్పిన విద్య. ఆ నేర్పడం రాయి. రామదండు కుర్రాడు ఒకడు రోజూ ఉడుకు నెత్తురుతో లేస్తాడు, రోజూ ఎవరో ఒకరు అతన్ని పక్కకి లాగి కూర్చోబెడతారు. ఆ కూర్చోబెట్టే మనిషి పేరు చరిత్రలో ఉండదు, నీ నవల్లో ఉండాలి.

అది తప్పితే ఏమవుతుందో కూడా ఆ కాలమే చూపించింది. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో స్టేషన్ తగలబడింది, 20 మందికి పైగా పోలీసులు చనిపోయారు. ఫిబ్రవరి 12కల్లా దేశమంతటా ఉద్యమం ఆపేశారు. ఆ కేసులో మొదట 172 మందికి ఉరిశిక్ష వేశారు, హైకోర్టుకు వెళ్లాక 19 మందిని ఉరితీశారు. సరిగ్గా అప్పుడే మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్నుల నిరాకరణ మంచి ఊపు మీద ఉంది. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో, కరణాలు మునసబులు రాజీనామాలు ఇచ్చి, జప్తు చేసిన సామాను వేలం వేస్తే పాడేవాడు లేక అధికారులు తల పట్టుకున్న రోజులు. ఆ సామాను కూడా ఆలోచించు, ఊరి మధ్యలో పెట్టిన ఇత్తడి బిందె, దాని మీద ఎవరి పేరు చెక్కి ఉందో అందరికీ తెలుసు, అర్ధణాకి కూడా ఎవరూ నోరు విప్పరు. గెలుస్తున్నామనుకుంటున్న రైతుకి, ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లాలో ఏదో జరిగిందని, ఇక శిస్తు కట్టెయ్యమని చెప్పిన రోజు ఎలా ఉంటుంది? ఆ నెలలోనే పల్నాడులో పుల్లరి కట్టం అన్న కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. అడవిలో గొడ్లు మేపుకోవడానికి కట్టాల్సిన పన్ను కోసం.

పెదనందిపాడు సంగతి ఎత్తాను కాబట్టి ఒక విషయం. పన్నుల నిరాకరణకి దిగాలంటే కాంగ్రెస్ 1921 నవంబరులో ఢిల్లీలో షరతులు పెట్టింది. వడకడం రావాలి, ఖద్దరే కట్టాలి, హిందూ ముస్లిం ఐక్యతని నమ్మాలి, అహింసని నమ్మాలి, హిందువైతే అంటరానితనం వదలాలి. శిస్తు ఎగ్గొట్టడానికి ఇన్ని అర్హతలా అని ఒక మోతుబరి రైతు నోరెళ్లబెట్టే సీను నాకు కళ్లకు కడుతుంది. శిస్తు కట్టకపోవడానికి అతను వెంటనే సిద్ధం. పాలేరుని ఇంట్లోకి రానివ్వడానికి సిద్ధమా? ఉద్యమం ఎంత లోతుగా వెళ్లిందో కొలవాలంటే ఈ గుమ్మం దగ్గర నిలబడాలి. నీ నవల చీరాలదే అయినా, గుంటూరు జిల్లా అంతా ఒకే గాలి పీలుస్తున్న రోజులవి. ఈ మోతుబరి ఎవరికో మేనమామ అయి చీరాల రావచ్చు.

ఇక అధికారి. పెదనందిపాడు, పల్నాడు రోజుల్లో గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. రెండేళ్ల తర్వాత మన్యంలో అల్లూరిని అణచడానికి ప్రత్యేకంగా పంపింది ఇతన్నే. ఒకే మనిషి, ఒకచోట చేయి ఎత్తని రైతుల్ని, ఇంకోచోట తుపాకీ పట్టినవాళ్లని ఎదుర్కొన్నాడు. కొరడా కంటే ఇది ఎంత ఆసక్తికరమైన పాత్ర! రైతు ఎదురు తిరిగి కొడితే ఏం చేయాలో అతనికి తెలుసు. కొట్టకుండా కూర్చుంటే ఏం చేయాలో చాలాసేపు తెలియలేదు. దొర రావాలనుకుంటే, కాగితాల మధ్య కూర్చుని, జప్తు చేసిన గేదెకి మేత ఖర్చు ఏ పద్దు కింద రాయాలా అని సతమతమయ్యే దొరని తీసుకురా.

పరిశోధన చెయ్యి, కానీ దాంట్లో మునిగిపోకు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ప్రభుత్వ ఉత్తర్వులు చూడు, తెలుగు పత్రికల్లో ఏం వస్తోందో ప్రభుత్వం వారంవారం ఇంగ్లీషులోకి తర్జుమా చేయించుకున్న నివేదికలు చూడు. కృష్ణా పత్రిక, ఆంధ్ర పత్రిక ఆ ఏళ్లవి ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుని చదువు, వార్తలతో పాటు ప్రకటనలు కూడా. ఏ మందు అమ్మారు, ఏ గడియారం అమ్మారు, నూలు ధర ఎంత అని. ప్రకాశం గారు, కొండ వెంకటప్పయ్య గారు తమ జీవితాలు తామే రాసుకున్నారు, అవి చదివేటప్పుడు ఒక జాగ్రత్త: నాయకుడికి సభ గుర్తుంటుంది, వంట గుర్తుండదు. అది నువ్వు చీరాల నేతపేటల్లో పెద్దవాళ్ల దగ్గర తెచ్చుకోవాలి. 1921 చూసినవాళ్లు ఇప్పుడెవరూ ఉండరు, కానీ గుంట ఎంత లోతు తవ్వాలో చెప్పేవాళ్లు ఉంటారు. ఉద్యమం గురించి అడిగితే సినిమాలో విన్నది చెబుతారు, మగ్గం గురించి అడిగితే నిజం చెబుతారు. మగ్గం గురించే అడుగు.

చివరగా ఓటమి. దీని మీద మనిద్దరికీ పేచీ వస్తుందని నాకు తెలుసు. 1921లోనే బరంపురంలో గోపాలకృష్ణయ్య గారిని అరెస్టు చేశారు, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకి పంపారు. నాయకుడు లేడు. డబ్బు లేదు. నూలు తెచ్చి పెట్టేవాళ్లు తగ్గారు. ఒక్కో కుటుంబం తాళం తీసుకుని లోపలికి వెళ్లింది. పన్ను కట్టారు. చీరాల ఈ రోజుకీ మున్సిపాలిటీయే, గుంటూరు జిల్లా నుంచి ప్రకాశం జిల్లాకి మారి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. గోపాలకృష్ణయ్య గారు 1928లో, నలభై నిండకుండానే పోయారు. నువ్వు పంపిన పథకం ప్రకారం ఆఖరి అధ్యాయం 1947 ఆగస్టు 15, జెండా ఎగరేయడం, ముసలిదైన కథానాయిక కళ్లలో నీళ్లు. ఆ అధ్యాయం వద్దు. పాతికేళ్ల తర్వాత వచ్చిన గెలుపుని తెచ్చి ఈ ఓటమికి మందుగా రాస్తే, పదకొండు నెలలు పాకల్లో ఉన్నవాళ్లని మనం మోసం చేసినట్టే. వాళ్లు తిరిగొచ్చిన రోజున 1947 వస్తుందని వాళ్లకి తెలియదు. తెలియనట్టే రాయాలి. ముందు ఎవరు తిరిగొచ్చారు, పగలు వచ్చారా రాత్రి వచ్చారా, ఆ అన్నయ్య గుమ్మంలో నిలబడి ఏం చేశాడు, చెల్లెలు అతనితో మాట్లాడిందా, పాత గుంటలో మగ్గం మళ్లీ దించేటప్పుడు గుంటలో ఏం పేరుకుని ఉంది, పన్ను కట్టడానికి వెళ్లిన మగవాడు ఏ చొక్కా వేసుకుని వెళ్లాడు. వాళ్లు ఓడిపోయారని చెప్పు, తక్కువవాళ్లని మాత్రం చెప్పకు, అంతకంటే నేనేమీ కోరను.

మొదటి అధ్యాయాన్ని దిద్దడానికి ఇప్పుడు కూర్చోకు. అది చివర్లో రాయొచ్చు. ముందు ఊళ్లో ఉండిపోయిన అన్నయ్య అధ్యాయం రాసి సంక్రాంతి లోపు పంపు. ఎగ్మూరు వెళ్లేటప్పుడు పరిచయపత్రం ఒకటి పట్టుకెళ్లు, లేకపోతే మొదటి రోజంతా దరఖాస్తులతోనే పోతుంది. ఎవరి చేత రాయించాలో తెలియకపోతే ఫోన్ చెయ్యి, కనుక్కుని చెబుతాను. ఈసారి అధ్యాయాలు టైపు చేసి, అక్షరాలు పెద్దవిగా పెట్టి పంపు తల్లీ, చేతిరాత ఫొటోలు ఫోన్‌లో జూమ్ చేసి చదవలేకపోతున్నాను. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఉంటాను.